సింహం తాత ఏ చేత్తో రాశాడు

మా పెదనాన్న అద్దం పెట్టించగానే చర్చి పటంలోని పునీతుడు కలాన్ని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకున్నాడట. కుట్టుమిషను ముందు కూర్చుని ఈ మాట నేను కనీసం ఇరవైసార్లు విన్నాను. మా టైలరు గారు కొలతలు తీసుకుంటూ వచ్చిన ప్రతి మనిషికీ చెబుతారు. మొదటి వారం "మార్చుకున్నట్టు కనిపించింది" అనేవారు. రెండో వారానికి "మార్చుకున్నాడు" అయింది. ఈ మధ్య ఆ పటంలోని సింహం తోక కూడా ఆడిస్తోంది.

"మీరు కళ్ళారా చూశారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"అద్దం మాదేనమ్మా. పట్టుకున్నదీ నేనే. దాని వెనక నిలబడ్డవాణ్ణి, నాకెలా కనబడుతుంది? కానీ జనం ముఖాలు చూశాను కదా. అంతమంది నోళ్ళు ఊరికే తెరుచుకుంటాయా?"

ఈ మాటకు ఇక ఎదురుండదు. వచ్చినవాళ్ళు తల తిప్పి వీధి అవతలి కొట్టుకేసి భయంగా, భక్తిగా చూస్తారు. అక్కడ మా పెదనాన్న తల వంచుకుని ఇత్తడి బిళ్ళ మీద ఏదో చెక్కుతూ ఉంటాడు. వెళ్ళి ఆయన్నే అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

పెదనాన్నది ముద్రలు చెక్కే పని. ఆఫీసు కాగితాల మీద గుద్దే గుండ్రటి ముద్రలు, కవరు మీద లక్క కరిగించి ఒత్తే ఇత్తడి ముద్రలు. కొట్టు వెడల్పు రెండు చేతులు చాపినంత. కిటికీ కింద ఒక బల్ల, బల్ల మీద ఇసక కూరిన చిన్న తోలు దిండు, ఆ దిండు మీద ఇత్తడి బిళ్ళ. ఆయన ఉలి పట్టిన చెయ్యి దాదాపు కదలదు. రెండో చెయ్యి బిళ్ళను దిండు మీద మెల్లగా తిప్పుతుంది. దారం లాంటి ఇత్తడి పొట్టు మెలికలు తిరుగుతూ పైకి లేస్తుంది. ముద్ర మీద అక్షరం తిరగేసి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. అందుకని చెక్కింది చూసుకోవడానికి గోడకు ఒక చేతి అద్దం ఉంది. పెదనాన్న దానికేసి చూడగా నేను చూసింది తక్కువ. తిరగేసిన అక్షరాలు ఆయన పేపరు చదివినంత వేగంగా చదువుతాడు.

ఉలి పట్టేది ఎడమ చేత్తో.

నాన్న పోయాక నేను పెదనాన్న ఇంట్లోనే పెరిగాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగి మిషను నేర్చుకున్నాను. ఆ ఎడమచేతి కథ నాకు చెప్పింది పెద్దమ్మ. చిన్నప్పుడు ఆయన పలక మీద ఎడమచేత్తో రాస్తే బళ్ళో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారట. ఇంట్లో తాతయ్య ఆ చేతికి గుడ్డ చుట్టి ముడి వేసేవాడట. "పుర్రచేయి" అని వీధంతా పిలిచేవారట. కుడిచేత్తో ఆయనకు ఒక్క అక్షరమూ పడేది కాదు. ఒక ఆదివారం పూజ అయ్యాక నానమ్మ ఆయన్ని చర్చి పక్క గోడ దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడి పటం చూపించింది.

"చూడరా. ఈ తాత ఏ చేత్తో రాస్తున్నాడు?"

"ఎడమ చేత్తో."

"దేవుడి మాటలు రాసిన చెయ్యిరా అది. ఇక నీ చేతికి ఏమొచ్చింది?" అని అక్కడే గుడ్డ విప్పేసింది. తాతయ్య మళ్ళీ ముడి వెయ్యలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం, అందరూ చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, పెదనాన్న ఆ పటం ముందు రెండు నిమిషాలు నిలబడతాడు. చేతులు జోడించడు. ఊరికే నిలబడతాడు, పక్కింటాయనతో నిలబడ్డట్టు.

ఆ పటం ఎంత పాతదో ఎవరికీ తెలియదు. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ. కాగితం టీ రంగుకు తిరిగింది. ఒక బక్క ముసలాయన, ఛాతీ దాకా గడ్డం, బల్ల మీద ఒక పుర్రె, ముందు తెరిచిన పుస్తకం, ఎడమ చేతిలో కలం. కాళ్ళ దగ్గర ఒక సింహం. ఆ చెక్కినవాడు జన్మలో సింహాన్ని చూసి ఉండడు. మధ్యాహ్నం కునుకు మధ్యలో లేపిన గుమాస్తా ముఖం దానిది. వేదగ్రంథాన్ని మామూలు జనం భాషలోకి రాసిన పునీతుడని పెద్దవాళ్ళు చెప్పేవారు. పిల్లలందరికీ ఆయన సింహం తాత.

ఈ ఏడు గొడవ మొదలైంది ఒక చిన్నపిల్ల వల్ల. ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే రిటైరైన హెడ్మాస్టరు గారు ఆ పిల్లను కుడిచేత్తో రాయమన్నారు. అది గోడకేసి వేలు చూపించి, "తాత కూడా ఈ చేత్తోనే రాస్తున్నాడుగా సార్" అంది. మిగతా పిల్లలు నవ్వారు. హెడ్మాస్టరు గారు నవ్వలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. పుస్తకంలో లేనిది గోడ మీద ఉండటం ఆయనకు గిట్టదు, అంతే.

"అంతటి మహాపండితుడు ఎడమచేత్తో రాశాడని ఎక్కడుంది?" అని సంఘం పెద్దలందరి ముందూ అడిగారు. "ఆ జంతువు సింహమూ కాదు. ఊరూ పేరూ తెలియని ఎవరో ముసలాయన, పక్కన ఆయన కుక్క. దీన్ని పునీతుడని పిల్లలకు చూపిస్తున్నాం. తీసి స్టోరు రూములో పెట్టి మంచి రంగుల పటం తెప్పిద్దాం."

స్టోరు రూమంటే విరిగిన బెంచీలు, చెదలు. అక్కడికి వెళ్ళింది ఏదీ మళ్ళీ బయటికి రాలేదు.

కొత్తగా వచ్చిన ఫాదర్ గారు కుర్రవారు, తొందరపడే మనిషి కాదు. పటాన్ని దుప్పట్లో చుట్టి స్వయంగా మోసుకుని పెదనాన్న కొట్టుకు వచ్చారు. మిషను ఆపి నేను విన్నాను.

"మేస్త్రిగారూ, ఈ ఊళ్ళో చెక్కడం తెలిసినవాళ్ళు మీరొక్కరే. ఇందులో ఉన్నదెవరో, ఈ చెయ్యేమిటో చూసి చెప్పండి. వచ్చే ఆదివారం పూజ అయ్యాక మీరు చెప్పిందాన్ని బట్టి ఉంచడమో తీసెయ్యడమో చేద్దాం."

"నేను చదువుకున్నవాణ్ణి కాదండీ."

"చదువుకున్నవాళ్ళని అడిగాను. తలా ఒక మాట చెప్పారు."

పెదనాన్న చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, పటాన్ని అద్దాల చట్రంలోంచి తీసి బల్ల మీద పరిచాడు. రెండు రోజులు ఇత్తడి ముట్టుకోలేదు. కంటికి భూతద్దం బిగించుకుని ఆ కాగితం మీద వంగి కూర్చున్నాడు. మా టైలరు గారు "మీ పెదనాన్న ఆ ముసలాయనకి పేలు చూస్తున్నాడా ఏంటి?" అన్నారు. మూడో రోజు టీ వేళ పెదనాన్న కిటికీలోంచి నన్ను రమ్మని చెయ్యి ఊపాడు.

"ఇది కంటికి పెట్టుకో. ముక్కు చూడు."

చూశాను. చూసి గబుక్కున తల ఎత్తేశాను. అక్కడ ముఖం లేదు. అన్నీ గీతలే.

"భయపడకు. మళ్ళీ చూడు. మెల్లగా."

మళ్ళీ వంగాను. చెంప మీద గీతలు ముడత పడ్డ చోట లావెక్కుతున్నాయి. ఎముక పైకి వచ్చిన చోట సన్నబడుతున్నాయి. సన్నబడి, వెంట్రుక మొనలా అయి, మాయమవుతున్నాయి. ముక్కుకు గీతే లేదు. పక్క నుంచి వచ్చిన గీతలన్నీ ఒకచోట ఆగిపోయాయి. ఆ ఆగిన చోటే ముక్కు. నేను రోజూ సూదితో గీతలు కుట్టేదాన్నే. గీత ఆపితే మనిషి ముక్కు వస్తుందని నాకు తెలియదు.

"తల చుట్టూ ఆ వెలుగు ఎలా చెక్కాడు పెదనాన్నా?"

"చెక్కలేదు. అది అతను ముట్టుకోని చోటు. చుట్టూ చీకటి చెక్కుకుంటూ వచ్చి అక్కడ చెయ్యి ఆపేశాడు. ఉత్త కాగితమే అది."

ఊహ తెలిసినప్పటి నుంచి నేను దణ్ణం పెట్టుకుంటున్న వెలుగు ఉత్త కాగితమట. అయినా నా కళ్ళ ముందు అది తగ్గలేదు. ఇంకా పెరిగింది.

పెదనాన్న నా వేలు పట్టుకుని బొమ్మ చుట్టూ కాగితం అంచున నడిపించాడు. సన్నటి పల్లం తగిలింది. "రాగిరేకు ఒత్తుకున్న గుర్తు. ఆ రేకు సరిగ్గా ఇక్కడే పడింది, ఇదే కాగితం మీద" అన్నాడు. రెండు మూడు వందల ఏళ్ళ కిందటి లోహం అంచు నా వేలికి తెలిసింది. తర్వాత ఆయన ఉలి మొనతో, కాగితానికి తగలనివ్వకుండా, ఒక్కో చోటూ చూపించాడు.

"ఇదిగో, అంగీ అంచు. ఇక్కడ మొదలుపెట్టాడు. గీతలు ఎలా వణికాయో చూడు, భయపడ్డాడు. ఇక్కడికొచ్చేసరికి ధైర్యం వచ్చింది. ఇక్కడ గీత సగంలో ఆగి మళ్ళీ మొదలైంది, ఎవరో పిలిచి ఉంటారు. ఇంట్లో నీ పెద్దమ్మలాంటిది ఎవరో."

"మరి సింహం?"

"దాని దగ్గర ఆనందపడ్డాడు. జూలు చూడు, గీతలు ఎగురుతున్నాయి. ముఖం రాలేదు పాపం. ఎత్తి పట్టిన ఆ పంజా చూడు."

పంజా మధ్యలో వెంట్రుక కన్నా సన్నంగా ఒక గీత నిలబడి ఉంది. ముల్లు. ఆయన సింహం కాలి ముల్లు తీసిన కథ మాకందరికీ తెలుసు. ఇన్నేళ్ళుగా కింద నిలబడి చూసిన మాలో ఎవరికీ ఆ ముల్లు కనబడలేదు.

"ఇది ఆయనే" అన్నాను. "కుక్క కాదు. చెప్పెయ్ పెదనాన్నా, పటం ఉండిపోతుంది."

"ముల్లు ఒక్కటి చాలదు. చెయ్యి సంగతి అడుగుతారు." ఆయన ఉలి మొనను పుస్తకం మీదికి జరిపాడు. "ఆయన రాస్తున్న పుస్తకం చూడు. పేజీ మొదట్లో ఒక పెద్ద ఇంగ్లీషు అక్షరం ఉంది."

నాకు అది విరిగిన తలుపు గడియలా కనిపించింది. పెదనాన్న గోడ మీది చేతి అద్దం తీసి పక్కన నిలబెట్టాడు. అద్దంలో గడియ అక్షరమైంది.

"తిరగేసి ఉంది" అన్నాను.

"అదొక్కటే కాదు, బొమ్మంతా తిరగేసి ఉంది. అతను ఇంకెవరో చేసిన పటాన్ని ముందు పెట్టుకుని, చూసింది చూసినట్టే రాగి మీద చెక్కేశాడు. అచ్చు వేస్తే కుడి ఎడమైంది."

"అంటే సింహం తాత..."

"కుడిచేత్తోనే రాశాడు."

ఆ మాట ఆయన మామూలుగా అన్నాడు. నాకు మాత్రం ఎటు చూడాలో తెలియలేదు. ఆయన ఎడమ చెయ్యి బల్ల మీద, ఆ పుస్తకం పక్కనే ఉంది.

గుమ్మంలో టిఫిను డబ్బా పట్టుకుని పెద్దమ్మ నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"అయితే మీ అమ్మ మీకు అబద్ధం చెప్పిందా ఏవండీ?"

"మా అమ్మ కళ్ళకి కనబడిందే చెప్పింది. గుడ్డ విప్పింది. అందులో అబద్ధమేముంది?"

"మరి ఇప్పుడు అందరి ముందూ మీ నోటితో మీరే చెబుతారా, ఆయన ఎడమచేతివాడు కాదని? అరవై నాలుగేళ్ళకి మీకున్న ఒక్క తోడు. ఆ హెడ్మాస్టరు వెనక ఎన్ని అంటాడో! నోరు మూసుకుని కూర్చోండి. స్టోరు రూములో ఉంటే మాత్రం మీ తాత మీ తాత కాకుండా పోతాడా?"

"చెద పడుతుందే."

"పడనివ్వండి."

పెదనాన్న భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ముక్కు చూడు" అన్నాడు. పెద్దమ్మ సణుగుతూనే వంగింది. చాలాసేపు లేవలేదు. లేచాక డబ్బా మూత తీసి, తీయడమెందుకో మర్చిపోయినట్టు మళ్ళీ పెట్టింది.

"ఇంత పని చేసినవాణ్ణి చెదలకి ఎలా ఇవ్వమంటావు?" అన్నాడు పెదనాన్న.

ఆమె భూతద్దం పైటతో తుడిచి ఆయన చేతికి తిరిగి ఇచ్చింది.

ఆదివారం పూజ అయ్యాక ఎవరూ చెప్పులు వెతుక్కోలేదు. పటాన్ని ముందుకు తెచ్చి స్టాండు మీద పెట్టారు. చేతి అద్దం అందరికీ చాలదని మా షాపులో మనిషంత అద్దాన్ని టైలరు గారు మోసుకొచ్చారు. పెదనాన్న నిలబడి మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు. ముల్లు చూపించాడు. బొమ్మ తిరగబడిందన్నాడు.

హెడ్మాస్టరు గారు లేచారు. "మేస్త్రిగారూ, పటం కింద అచ్చు వేసినవాళ్ళ పేరు ఉంది. ఆ అక్షరాలు సరిగ్గానే ఉన్నాయే. బొమ్మ తిరగబడితే అక్షరాలు తిరగబడవా?"

మంచి ప్రశ్న. నాకు ఆ సంగతి తట్టనేలేదు.

"కింద అక్షరాలు చెక్కింది వేరే మనిషండీ. బొమ్మ ఒకరు, పేరు ఒకరు. అక్షరాల పనివాడికి తిరగేసి చెక్కడం చేతికి అలవాటు, నాలాగా. బొమ్మ చెక్కినవాడు మరిచిపోయాడు." పెదనాన్న కాస్త నవ్వాడు. "నా మొదటి ముద్ర కూడా నేను తిన్నగా చెక్కానండీ. ఎంత అందంగా వచ్చిందోనని మురిసిపోయాను. కాగితం మీద గుద్దితే అంతా తిరగేసి పడింది. మా గురువు పొట్ట పట్టుకుని నవ్వి, దాన్ని మేకుకు తగిలించాడు. ఇప్పటికీ నా దగ్గర ఉంది. కొత్తవాడు చేసే తప్పే అది. పునీతుడి పుస్తకంలో పెద్ద అక్షరం కూడా అలాగే తిరగబడి ఉంది. చూడండి."

అద్దం నిలబెట్టమన్నాడు. టైలరు గారు అద్దం వెనక్కి వెళ్ళి రెండు చేతులా ఎత్తిపట్టారు.

అందరూ మెడలు చాచి నోళ్ళు తెరిచారు. అద్దంలో ఇంకో పటం ఉంది. మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన తాత అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. వెలుగు రెండో పక్క నుంచి వస్తోంది. కలం కుడి చేతిలో ఉంది. ఒకే తాత రెండు పక్కల నుంచీ మమ్మల్ని చూస్తున్నట్టుంది. నా పక్కన ఒక ముసలావిడ కూర్చున్నచోటే మోకాళ్ళ మీదికి జారింది. ఎవరో పొరపాటుపడ్డ ఒక పని, వందల ఏళ్ళు పటంలో దాక్కుని, ఇప్పుడు అద్దంలో సరి అయింది. నేను చూసింది అదే. చెయ్యి మారలేదు.

హెడ్మాస్టరు గారు ముందుకు వచ్చారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పుస్తకంలో అక్షరాన్ని, అద్దంలో అక్షరాన్ని మార్చి మార్చి చూశారు. తర్వాత వంగి పంజా చూశారు. "సింహమే" అన్నారు మెల్లగా. "ఉండనివ్వండి."

అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ సందడిలో ఆ చిన్నపిల్ల ముందుకు వచ్చి పెదనాన్న చొక్కా లాగింది.

"అయితే తాత నాలాగా కాదా?"

పెదనాన్న నాకేసి చూశాడు, పెద్దమ్మకేసి చూశాడు. ఆయన ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కాదు తల్లీ. కుడిచెయ్యే."

పిల్ల ముఖం వాడిపోయింది. పెదనాన్న తన ఎడమ చెయ్యి చాపి చూపించాడు. బొటనవేలి పక్కన ఉలి పట్టి కాయ కాసిన చెయ్యి.

"నేను నీలాగే" అన్నాడు.

అది ఆ కాయను వేలితో నొక్కి చూసింది. "ముద్రలన్నీ ఇదే చేత్తోనా?"

"అన్నీ."

"మా బడి ముద్ర కూడా?"

"అది కూడా."

పిల్ల హెడ్మాస్టరు గారి వైపు తిరిగి చూసింది. ఆయన ఏదో పని ఉన్నట్టు అద్దం మోయడానికి సాయం వెళ్ళారు.

పటం మళ్ళీ పక్క గోడకు చేరింది. తర్వాతి ఆదివారం పెదనాన్న ఆగడనుకున్నాను. ఆగాడు. ఎప్పటిలాగే రెండు నిమిషాలు, చేతులు జోడించకుండా, పక్కింటాయనతో నిలబడ్డట్టు. ఇంటికి వస్తూ దారిలో ఆయనకు ఏదైనా ఇవ్వాలనిపించి అడిగాను.

"పెదనాన్నా, పునీతుడు కాకపోతేనేం, ఆ చెక్కినవాడు ఎడమచేతివాడై ఉండొచ్చు కదా?"

"రేకును దిండు మీద తిప్పుతూ చెక్కుతారమ్మా. ఏ చెయ్యో గీతలో తెలియదు."

"అయి ఉండొచ్చుగా, మరి?"

"ఉండొచ్చు. తెలియనిది చెప్పకూడదు."

కొంత దూరం నడిచాం. "ఆ వారం రోజులూ నీకెంత కష్టమనిపించిందో" అన్నాను. "అక్షరం కనబడగానే."

"ఏ వారం?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన నడుస్తూనే చెప్పాడు. పనిలో చేరిన రెండో ఏడు తిరగేసిన అక్షరాలు కళ్ళకు అలవాటయ్యాయట. ఒక ఆదివారం ఎప్పటిలాగే వెళ్ళి పటం ముందు నిలబడ్డాడట. పుస్తకంలో తిరగేసి ఉన్న ఆ పెద్ద అక్షరం దానంతట అదే చదవబడిందట. అంత పైన ఉన్నా, భూతద్దం లేకుండానే. అప్పటికి నానమ్మ ఉంది. ఆమెకు చెప్పలేదు. పెళ్ళయ్యాక పెద్దమ్మకూ చెప్పలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు.

టైలరు గారి కథలో లేనిది ఇదే. ఆ చెయ్యి కుడిచెయ్యి అని మా పెదనాన్నకు పదిహేనో ఏట నుంచీ తెలుసు.